ఊళ్లో అడుగు పెట్టాలంటే 148 యువాన్లు: ఫెంగ్‌హువాంగ్ గొడవ వెనక కథ

చైనాలోని హునాన్ ప్రావిన్సులో, పడమటి కొండల మధ్య ఫెంగ్‌హువాంగ్ కౌంటీ (మన జిల్లా లాంటి పాలనా విభాగం) ఉంది. 2013 ఏప్రిల్ 10న అక్కడి పాత ఊరికి వెళ్లే దారులకు గేట్లు పెట్టారు. బయటినుంచి వచ్చే పర్యాటకులు 148 యువాన్ల టికెట్ కొంటేనే లోపలికి రానిస్తామన్నారు. అప్పటి మారకం ప్రకారం అది దాదాపు మన 1,300 రూపాయలు. మర్నాడే చాలామంది వ్యాపారులు దుకాణాలు మూసేసి రోడ్డెక్కారు. పోలీసులు దిగారు.

ఈ గొడవకు విత్తనం పడింది పన్నెండేళ్ల ముందు.

ఫెంగ్‌హువాంగ్ ఒకప్పుడు సైన్యం విడిది చేసిన సరిహద్దు ఊరు. చుట్టూ మియావ్ అనే కొండజాతి జనం ఉండే కొండలు. వాళ్లను అదుపులో ఉంచడానికి మింగ్ వంశపు చక్రవర్తుల కాలంలో కట్టించిన గోడ శిథిలాలే ఇప్పుడు ‘దక్షిణ మహాకుడ్యం’ పేరుతో చూడదగ్గ చోటు అయ్యాయి. ఊరి మధ్యలో తువో నది, దాని ఒడ్డున నీళ్లలోకి దిగిన కొయ్య స్తంభాల మీద నిలబడ్డ ఇళ్లు, అటునుంచి ఇటు దాటడానికి నదిలో వరసగా నాటిన రాళ్లు. ఈ ఊరి పేరు దేశమంతా వినబడటానికి ఇక్కడ 1902లో పుట్టిన రచయిత షెన్ త్సోంగ్‌వెన్ ముఖ్య కారణం. ఆయన ప్రసిద్ధ నవలలోని ఊరు నిజానికి పక్క కౌంటీలోని చాదోంగ్. పాఠకులు మాత్రం ఆ నవలలోని నదినీ పడవనూ వెతుక్కుంటూ ఫెంగ్‌హువాంగ్‌కే వచ్చేవాళ్లు.

పేరుంది గానీ డబ్బు లేదు. కౌంటీ ఖజానాకు ఆధారంగా ఉన్న సిగరెట్ ఫ్యాక్టరీ మూతపడ్డాక, మిగిలిన ఆస్తి ఈ అందమొక్కటే. 2001లో ఫెంగ్‌హువాంగ్‌కు జాతీయ చారిత్రక నగరం హోదా వచ్చింది. అదే ఏడాది ఎనిమిది సందర్శన స్థలాలను నడుపుకునే హక్కును 50 ఏళ్లకు ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. ఒప్పందం విలువ 83 కోట్ల 30 లక్షల యువాన్లు. ఆ ఎనిమిదిలో షెన్ పుట్టిన ఇల్లూ ఉంది. చేతిలో చిల్లిగవ్వ లేని కౌంటీ అలాంటి బేరానికి ఒప్పుకోవడంలో వింతేమీ లేదు.

చిక్కు ఎక్కడంటే, కంపెనీ చేతికి వచ్చినవి తలుపులూ తాళాలూ ఉన్న కట్టడాలు. జనం వచ్చేదేమో నది కోసం, సందుల కోసం, రాత్రి దీపాలు నీళ్లలో మెరవడం కోసం. అవన్నీ ఉచితం! సంచి భుజాన వేసుకుని వచ్చిన కుర్రాడు ఒక్క టికెట్టూ కొనకుండా రెండు రోజులు తిరిగి, ఒడ్డునున్న లాడ్జిలో పడుకుని వెళ్లిపోవచ్చు. అలాంటివాళ్ల మీదే వందల కొద్దీ చిన్న లాడ్జీలూ, హోటళ్లూ, బార్లూ పుట్టుకొచ్చాయి. ఊరు కళకళలాడుతోంది గానీ ఆ రాబడి కంపెనీ గల్లాపెట్టెలో పడటం లేదు.

2013 నాటి ఏర్పాటుకు మూలం అదే. అంతకుముందు ఊళ్లోని కట్టడాలకు 148 యువాన్ల ఉమ్మడి టికెట్, పక్కనున్న నాన్‌హువా కొండకు వేరే 108 యువాన్ల టికెట్ ఉండేవి. రెండూ కలిపి 148కే ఇస్తున్నాం, లాభమేగా అన్నారు అధికారులు. రెండూ కొనేవాడికి లాభమే. ఏదీ కొననివాడికి మాత్రం సున్నా కాస్తా 148 అయింది. లాడ్జీలకు వచ్చేది ఎక్కువగా ఈ రెండో రకం వాళ్లే. అనుమతి లేని గైడ్ల బెడదను అరికట్టడానికే ఈ పద్ధతి అన్న వాదన కూడా వినిపించింది. బెడద నిజమే కావచ్చు, కానీ దానికి ఊరి చుట్టూ గేట్లెందుకో నాకు అర్థం కాదు.

మూడేళ్లు అలాగే నడిచింది. మధ్యలో 2014 జులైలో వరద వచ్చి నది ఒడ్డు దుకాణాలను ముంచింది. చివరికి 2016 ఏప్రిల్ 10న, సరిగ్గా మూడేళ్లకు, ఊరి గేట్ల దగ్గర టికెట్ల తనిఖీ ఆపేశారు. 2018లో కేంద్ర ప్రభుత్వమే ప్రభుత్వ పర్యాటక స్థలాల ప్రవేశ రుసుములు తగ్గించమని చెప్పింది. ‘టికెట్ల మీద బతుకుతున్నారు’ అన్న విమర్శ అప్పటికే చైనాలో చాలా చోట్ల వినబడుతోంది.

2021 డిసెంబరులో ఫెంగ్‌హువాంగ్‌కు హైస్పీడ్ రైలు కూడా వచ్చింది. స్టేషన్ నుంచి వచ్చినవాళ్లు నది ఒడ్డున ఎంతసేపైనా నిలబడి ఫొటోలు దిగొచ్చు. టికెట్ పద్ధతి మళ్లీ పాత కట్టడాల తలుపుల దగ్గరికి వెళ్లింది.