టోఫెల్ శిక్షణ కళాశాల చేయి దాటిందెప్పుడు?

అమెరికా చదువుకు వెళ్లగోరే విదేశీ విద్యార్థుల ఇంగ్లిష్‌ను కొలిచే టోఫెల్ పరీక్ష 2026 జనవరి 21 నుంచి కొత్త రూపంలో జరుగుతోంది. రీడింగ్, లిజనింగ్ భాగాల్లో అభ్యర్థి ఇచ్చే జవాబులను బట్టి తర్వాతి ప్రశ్నల స్థాయి మారుతుంది. పరీక్ష మొత్తం దాదాపు గంటన్నరలో ముగుస్తుంది, మూడు రోజుల్లో ఫలితం వస్తుంది, ఇరవై ఏళ్లుగా అలవాటైన 0 నుంచి 120 కొలమానం స్థానంలో 1 నుంచి 6 కొలమానం వచ్చింది. పరీక్ష చిన్నదైంది కాబట్టి శిక్షణ కూడా చిన్నదైతే చాలని అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల లెక్క. పరీక్ష ఎంత తగ్గినా అమెరికా తరగతి గదిలో కూర్చునే విద్యార్థి భారం తగ్గలేదన్నది కళాశాలల్లో ఇంగ్లిష్ బోధించే అధ్యాపకుల మాట. ఈ రెండు వాదనల వెనుక ఉన్న అసలు ప్రశ్న పాతదే: ఇంజినీరింగ్ చదువుతున్న విద్యార్థిని అమెరికా చదువుకు భాషాపరంగా, అక్కడి విద్యా సంప్రదాయాల పరంగా సిద్ధం చేయవలసింది విశ్వవిద్యాలయమా, కోచింగ్ సెంటరా?

టోఫెల్ ఎవరి కోసం, ఎందుకు పుట్టిందన్నది ఎమ్మెస్‌కు వెళ్లినవారున్న ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతి. ఇప్పటి వివాదాన్ని అర్థం చేసుకోవాలంటే 2005కు వెళ్లాలి. ఆ ఏడాది సెప్టెంబరులో అమెరికాలో, మరుసటి ఏడాది తక్కిన దేశాల్లో ఇంటర్నెట్ ఆధారిత టోఫెల్ మొదలైంది. పేరు విన్నవారికి కాగితం పోయి కంప్యూటర్ వచ్చినట్టు అనిపిస్తుంది గానీ కంప్యూటర్ 1998లోనే వచ్చింది. 2005లో మారింది పరీక్ష ఉద్దేశం.

అంతకుముందు టోఫెల్‌లో స్ట్రక్చర్ అనే వ్యాకరణ భాగం ఉండేది. వాక్యంలో ఖాళీ పూరించడం, గీత గీసిన నాలుగు మాటల్లో తప్పు పట్టుకోవడం అందులో పని. మన విద్యార్థికి ఇది కొట్టిన పిండి. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివినా వాయిస్, స్పీచ్, ప్రిపోజిషన్లు బట్టీ పట్టినవాడు కాగితపు పరీక్షలో అప్పటి కొలమానం ప్రకారం 550 తెచ్చుకోగలిగేవాడు. అసలు పరీక్షలో మాట్లాడవలసిన అవసరమే లేదు. స్పోకెన్ ఇంగ్లిష్‌కు వేరే పరీక్ష ఉన్నా, అమెరికాలో చదువుకుంటూనే బోధనలో ప్రొఫెసర్‌కు తోడ్పడే టీచింగ్ అసిస్టెంట్ కొలువు కోరుకునేవారు తప్ప దాని జోలికి పెద్దగా వెళ్లేవారు కారు.

2005 నాటి పరీక్ష వ్యాకరణ భాగాన్ని పూర్తిగా తీసేసి దాని స్థానంలో మాట్లాడే భాగాన్ని తెచ్చింది. అందులోని ఆరు ప్రశ్నల్లో నాలుగు, విడివిడి నైపుణ్యాలను కాక కలగలిసిన నైపుణ్యాలను అడిగేవి. ఉదాహరణకు తెర మీద ఒక విశ్వవిద్యాలయ ప్రకటన కనిపిస్తుంది, దాన్ని ముక్కాలు నిమిషంలో చదవాలి. ఆ ప్రకటన గురించి ఇద్దరు విద్యార్థులు మాట్లాడుకోవడం వినాలి. తర్వాత 30 సెకన్లు ఆలోచించుకుని, వారిలో ఒక విద్యార్థి దానిని ఎందుకు సమర్థిస్తున్నాడో లేదా ఎందుకు వ్యతిరేకిస్తున్నాడో 60 సెకన్లలో చెప్పాలి. మరో ప్రశ్నలో పాఠ్యభాగం ఒక సిద్ధాంతం చెబితే, ఉపన్యాసంలో ప్రొఫెసర్ దాన్ని ఉదాహరణతో వివరిస్తాడు, రెంటినీ కలిపి చెప్పాలి. రాత భాగంలోనూ ఇదే పద్ధతి: చదివిన వ్యాసాన్ని ఉపన్యాసం ఖండిస్తుంది, ఆ ఖండనను సారాంశంగా రాయాలి.

అమెరికా సంస్కృతి ఈ పరీక్షలోకి వచ్చింది ఈ తలుపు గుండానే. ముందస్తు పరిజ్ఞానం అవసరం లేదని పరీక్ష నిర్వాహకులు చెబుతూనే వచ్చారు, జవాబు వరకూ అది నిజమే. కానీ డార్మిటరీ, మీల్ ప్లాన్, అకడమిక్ అడ్వైజర్, సెమిస్టర్ మధ్యలో కోర్సు వదులుకోవడం, ఆఫీస్ అవర్స్‌లో ప్రొఫెసర్ గదికి వెళ్లి గ్రేడు గురించి ప్రశ్నించడం వంటివి ముందే తెలిసినవాడు మాటలు మాత్రమే వింటాడు. తెలియనివాడు మాటలతో పాటు సందర్భాన్ని కూడా అక్కడికక్కడే ఊహించుకోవాలి. ఉపన్యాసం మధ్యలో విద్యార్థి అడ్డు తగిలి సందేహం అడగడం, ప్రొఫెసర్ దాన్ని మెచ్చుకుని పాఠం దారి మళ్లించడం మన తరగతి గదుల్లో అరుదుగా కనిపించే దృశ్యం. అందువల్ల ఆ భాగం పాఠంలో ముఖ్యమా, పక్కదారి మాటా అన్న దగ్గరే మనవాళ్లు తడబడేవారు.

సరిగ్గా ఆ మూడు నాలుగేళ్లలోనే మన దగ్గర మరికొన్ని మార్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం విస్తరించి, ఇంట్లో ఎవరూ కళాశాల గడప తొక్కని కుటుంబాల పిల్లలు పెద్ద సంఖ్యలో ఇంజినీరింగ్‌లో చేరారు. 2008 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం సైన్స్, ఇంజినీరింగ్ పట్టభద్రులు చదువు తర్వాత పని చేసుకునే గడువును మరో 17 నెలలు పెంచింది. 2008 అక్టోబరులో హైదరాబాద్ బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ ప్రారంభమై, మరుసటి ఏడాది వీసాలు ఇవ్వడం మొదలుపెట్టింది, చెన్నై ప్రయాణం తప్పింది. అంటే పరీక్ష కష్టమైన కాలమూ, ఆ పరీక్షకు అంతవరకూ దూరంగా ఉన్న వర్గాలు దాని ముందుకొచ్చిన కాలమూ ఒకటే. తర్వాత జరిగిన వాటికి మూలం ఈ కలయికలోనే ఉందని నా అభిప్రాయం.

విశ్వవిద్యాలయాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. జేఎన్‌టీయూ పాఠ్య ప్రణాళికలో మొదటి సంవత్సరం ఇంగ్లిష్ లాంగ్వేజ్ కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్, తర్వాత అడ్వాన్స్‌డ్ స్థాయి ల్యాబ్ వచ్చి చేరాయి. ఉచ్చారణ, పదంలో ఒత్తు, బృంద చర్చ, ప్రెజెంటేషన్ అన్నీ అందులో ఉన్నాయి. కాగితం మీద చూస్తే 2005 నాటి టోఫెల్ అడిగిన పనికి ఇంతకన్నా దగ్గరి పాఠ్యాంశం ఉండదు. అయితే చాలా కళాశాలల్లో ఆ ల్యాబ్ రికార్డు రాసి సంతకం పెట్టించుకునే ల్యాబ్‌గా మిగిలింది. హెడ్‌ఫోన్లు పనిచేయని గదిలో ఒక అధ్యాపకుడు ముప్పై మందిని రెండు గంటల్లో మాట్లాడించాలంటే, ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలకు మించి దక్కదు. పైగా ఇంగ్లిష్ అధ్యాపకుడి ఉద్యోగం చాలా చోట్ల తాత్కాలికం, యాజమాన్యం దృష్టిలో ఆ సబ్జెక్టు ప్లేస్‌మెంట్లకు పనికొచ్చే అదనపు హంగు. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో ఇచ్చిన నమూనా ప్రణాళికలోనూ నాలుగేళ్ల బీటెక్‌లో ఇంగ్లిష్‌కు దక్కింది మొదటి సంవత్సరంలో మూడు క్రెడిట్లే. మూడో ఏడాది చివర టోఫెల్ రాయబోయే విద్యార్థికి మొదటి సంవత్సరపు పాఠం అప్పటికి చేతిలో ఉండదు.

ఆ ఖాళీని కోచింగ్ సెంటర్లు నింపాయి. నాలుగు నుంచి ఆరు వారాల బ్యాచ్, వారాంతపు మాక్ టెస్ట్, అన్నిటికన్నా ముఖ్యంగా టెంప్లేట్. 'ది రీడింగ్ ప్యాసేజ్ స్టేట్స్ దట్' అని మొదలుపెట్టి 'ది లెక్చరర్ రిఫ్యూట్స్ దిస్ పాయింట్' మీదుగా నడిచే అచ్చు వాక్యాలను విద్యార్థి కంఠతా పట్టి, మధ్యలో నాలుగు మాటలు మార్చి చెబుతాడు. వారి వైపు నుంచి చూస్తే ఇందులో తప్పు లేదు: విద్యార్థికి కావలసింది దరఖాస్తుకు సరిపడే స్కోరు, చేతిలో ఉన్నది నెల రోజులు, కళాశాల ఇవ్వనిది తాము ఇస్తున్నారు, స్కోరు వస్తోంది. ఈ వాదనకు బలముంది. అయితే రెండు పాఠాలను విని, పోల్చి, సొంత మాటల్లో చెప్పగల శక్తిని కొలవడానికి పెట్టిన ప్రశ్న, మన దగ్గరికి వచ్చేసరికి వ్యాకరణ సూత్రం స్థానంలో మరో బట్టీ పాఠమైంది.

ఇది హైదరాబాద్‌లో జరగడం మరీ బాధాకరం. ఎందుకంటే, ఇంగ్లిష్ బోధన, అమెరికా అధ్యయనం అనే రెండు విషయాలకూ దేశంలోనే పేరున్న సంస్థలు ఉస్మానియా పరిసరాల్లోనే పక్కపక్కన ఉండేవి. 1958లో ఇక్కడ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ఏర్పడింది, తర్వాత సీఫెల్‌గా, 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా ఎదిగింది. భారతీయుల ఇంగ్లిష్ బయటి దేశాలవారికి ఎంతవరకు అర్థమవుతుందన్న దాని మీద ఆర్.కె. బన్సల్ పరిశోధన 1969లో ఇక్కడి నుంచే వెలువడింది, పదంలో ఒత్తు తప్పితే శ్రోతకు మాట అందదన్న సంగతిని అది స్పష్టం చేసింది. ఇక, మొదటి టోఫెల్ జరిగిన 1964లోనే ఉస్మానియా ఆవరణలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ మొదలైంది. అమెరికా సాహిత్యం, చరిత్ర, రాజకీయాల మీద దాని గ్రంథాలయం కోసం దేశం నలుమూలల నుంచి అధ్యాపకులు, పరిశోధకులు వచ్చి వారాల తరబడి ఉండి చదువుకునేవారు. ఎం.ఏ. ఇంగ్లిష్‌లో అమెరికన్ సాహిత్యం పేపరు బోధించిన ఒక తరం అధ్యాపకులు తయారైంది అక్కడే.

కానీ ఆ జ్ఞానం ఇంజినీరింగ్ కళాశాలకు ఎన్నడూ దిగిరాలేదు. ఎం.ఏ. విద్యార్థి అమెరికా గురించి చదివాడు, బీటెక్ విద్యార్థి అమెరికా వెళ్లాడు. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక, 1990ల్లో అమెరికా ప్రభుత్వ ఆసరా తగ్గడంతో ఆ కేంద్రం క్రమంగా పేరు, రూపం మార్చుకుని చివరికి ఉస్మానియాలో అంతర్జాతీయ కార్యక్రమాల విభాగంగా మిగిలింది. మన విద్యార్థుల వలస ఊపందుకున్నది సరిగ్గా ఆ తర్వాతే.

అమెరికా విద్యా వ్యవస్థ ఎలా నడుస్తుందో ఎవరూ చెప్పకపోవడానికి చెల్లించిన మూల్యం పెద్దది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం మీద వీసా మోసం కేసులో అధికారుల దాడులు జరిగినప్పుడు చిక్కుకున్న దాదాపు 1500 మందిలో అత్యధికులు భారతీయులు, వారిలో తెలుగువారు చాలామంది, కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తగిలించారు. అమెరికా ప్రభుత్వమే ఎర వేసి నడిపిన, 2019లో బయటపడిన ఫార్మింగ్టన్ అనే బూటకపు విశ్వవిద్యాలయం కేసులోనూ మనవాళ్లున్నారు. అందరూ తెలియక వెళ్లినవారేనని నేను వాదించడం లేదు, పని చేసుకునే దారి కోసం తెలిసే చేరినవారూ ఉన్నారు. అయినా విశ్వవిద్యాలయానికి గుర్తింపు అంటే ఏమిటి, తరగతులు లేని చదువు వీసాకు ఎలా ముప్పు, ఇతరుల అసైన్‌మెంట్ నకలు చేస్తే ఏ శిక్ష పడుతుంది అన్నవి ఏ పరీక్షా అడగలేదు, ఏ కోచింగ్ సెంటరూ చెప్పలేదు, కళాశాల తనకు సంబంధం లేదనుకుంది.

ఆ తర్వాతి కథ పరీక్ష కుదించుకుపోయిన కథ. దాదాపు నాలుగు గంటల పరీక్ష 2019లో మూడు గంటలైంది. 2020లో కరోనా వల్ల ఇంటి నుంచే రాసే వీలు వచ్చింది, గంటలో ముగిసే, రుసుము బాగా తక్కువైన డ్యుయోలింగో పరీక్షను అమెరికా విశ్వవిద్యాలయాలు విరివిగా అంగీకరించాయి. ఆ పోటీలో 2023 జులైలో టోఫెల్ రెండు గంటల లోపుకు దిగింది, అరగంట వ్యాసం పోయి పది నిమిషాల చర్చా రచన వచ్చింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టోఫెల్ నిర్వహించే ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకుని బడి పిల్లలకు టోఫెల్ ప్రైమరీ, జూనియర్ పరీక్షలు తెచ్చింది, 2024లో ప్రభుత్వం మారాక ఆ కార్యక్రమం ఆగిపోయింది. ఆ రాజకీయ వాదోపవాదాల్లో బడి గురించి ఎంతో చర్చ జరిగింది గానీ, నిజంగా టోఫెల్ రాసే వయసు విద్యార్థి ఉన్న కళాశాల ఊసు రాలేదు.

ఇప్పటి మార్పులో కలగలిసిన నైపుణ్యాల ప్రశ్నలు పూర్తిగా పోయాయి. విన్న వాక్యాన్ని తిరిగి పలకడం, చిన్న ఇంటర్వ్యూకు జవాబివ్వడం, ఇచ్చిన మాటలతో వాక్యం కూర్చడం, ఈమెయిల్ రాయడం వచ్చాయి. 2005లో తీసేసిన వ్యాకరణం వేరే వేషంలో తిరిగి వచ్చింది. ఒకే సంస్కృతికి చెందిన అంశాలు తగ్గించడం న్యాయమే, దానివల్ల గ్రామీణ విద్యార్థికి మేలు కూడా. అయితే ఉపన్యాసం విని, పాఠంతో పోల్చి, నిలబడి చెప్పే పని పరీక్షలో లేకపోయినా అమెరికాలో మొదటి వారం నుంచే ఉంటుంది. టీచింగ్ అసిస్టెంట్‌షిప్ కోసం పాత స్కోరులో స్పీకింగ్‌కు 30కి 26 దాకా అడిగిన విభాగాలున్నాయి, వచ్చిన విద్యార్థికి సొంతంగా మౌఖిక పరీక్ష పెట్టే విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి. ఆ సహాయం దొరికితే ఫీజు భారం తగ్గే కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. 2024-25లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థుల సంఖ్య, చదువు ముగించి శిక్షణ ఉద్యోగాల్లో ఉన్నవారితో కలిపి, 3,63,019, అందులో తెలుగు రాష్ట్రాల వాటా ఎంత పెద్దదో అందరూ ఎరిగిందే.

ఇంగ్లిష్ అధ్యాపకులు అడుగుతున్నది కళాశాలను కోచింగ్ సెంటర్‌గా మార్చమని కాదు. ఉన్న ల్యాబ్ గంటలను మొదటి ఏడాదిలోనే ముగించకుండా మూడో ఏడాది దాకా పంచమని, బ్యాచ్‌లో సంఖ్య తగ్గించమని, పది నిమిషాల సాంకేతిక ఉపన్యాసం విని దాని మీద మాట్లాడే అభ్యాసానికి ఇంటర్నల్ మార్కులివ్వమని, గుర్తింపు, వీసా నిబంధనలు, విద్యా నిజాయితీ గురించి ఇక్కడే చెప్పమని. కొత్త స్కోరుతో పాటు పాత కొలమానపు స్కోరు కూడా ఇచ్చే రెండేళ్ల గడువు 2028 మొదట్లో ముగుస్తుంది. ఇప్పుడు రెండో ఏడాది బీటెక్ చదువుతున్నవారు దరఖాస్తులు పంపేది ఆ కాలానికే కాబట్టి, పాఠ్య ప్రణాళిక సంఘాలు ఈ విషయం తేల్చవలసింది ఈ విద్యా సంవత్సరంలోనే.