సముద్రపు ఒడ్డున కూలిన కోటలు: అపోహలు - వాస్తవాలు

బ్రిటన్ తీరంలోని మధ్యయుగపు కోటల గోడలకు మరమ్మతు చేయడం నా పని. రోజంతా పరంజా మీదే ఉంటాను కాబట్టి కింద తిరిగే సందర్శకుల మాటలు చెవిన పడుతుంటాయి. పదే పదే వినిపించే కొన్నిటికి జవాబు రాయాలనిపించింది.

అపోహ: ఇంతగా కూలిందంటే పెద్ద యుద్ధమే జరిగి ఉంటుంది.

వాస్తవం: కొన్నిచోట్ల నిజమే. స్కాట్లాండ్‌లోని టాంటలన్ కోటను 1651లో ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సైన్యం 12 రోజులపాటు ఫిరంగులతో కొట్టింది. అయితే చాలా కోటలను ముంచింది వాన, ఆలనాపాలనా లేకపోవడం. ఇంగ్లండ్ ఈశాన్య తీరాన నార్తంబర్లాండ్‌లోని డన్‌స్టన్‌బరో కోటను లాంకాస్టర్ ప్రభువు థామస్ 1313లో మొదలుపెట్టాడు. రాజు మీద తిరగబడి ఓడిపోయాడు, 1322లో అతని తల తీశారు. ఇంగ్లండ్ సింహాసనం కోసం రెండు రాజవంశ శాఖలు పోట్లాడుకున్న 15వ శతాబ్దపు గులాబీల యుద్ధాల్లో కోటకు ముట్టడులు తప్పలేదు. ఆ తర్వాత బాగుచేసే నాథుడు లేక 16వ శతాబ్దానికే శిథిలమైంది.

కోటకు ప్రాణం పైకప్పు. దాని మీద పరిచిన సీసపు రేకులకు మంచి ధర పలికేది. వాటిని ఊడదీస్తే దూలాలు నాని అంతస్తులు కూలతాయి. నున్నగా చెక్కిన రాళ్లను చుట్టుపక్కలవాళ్లు ఇళ్లు కట్టుకోవడానికి తోలుకుపోతారు. మీకు కనిపించే ఎగుడుదిగుడు గోడ చాలాసార్లు రాళ్లముక్కలూ సున్నమూ కూరిన లోపలి భాగం. గోడ కడుపన్నమాట.

అపోహ: వరసగా ఉన్న చదరపు కన్నాలు బాణాలు వేయడానికి.

వాస్తవం: అవి ఆనాటి మేస్త్రీలు పరంజా కర్రలు దూర్చిన కన్నాలు. బాణాల సందు బయటికి సన్నటి చీలికలా ఉండి, లోపలికి విలుకాడు నిలబడేంత వెడల్పుగా విచ్చుకుంటుంది. గోడ మధ్యలో, మనిషికి అందనంత ఎత్తున చలిమంట గూడు కనిపించిందా? దాని కింద దూలాలు ఆన్చిన గుంతలు వరసగా ఉన్నాయేమో వెతకండి. అక్కడే ఒకప్పుడు ఒక గది నేల ఉండేది. ఆ వరస పట్టుకుంటే కోట అంతస్తు అంతస్తుగా కళ్లముందు లేస్తుంది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే.

అపోహ: పైనుంచి కోటను కాపాడే కుడిచేతి కత్తివాళ్లకు చెయ్యి ఆడాలనే చుట్టుమెట్లను సవ్యదిశలో కట్టారు.

వాస్తవం: ఈ వాదన ప్రచారంలోకి వచ్చింది 20వ శతాబ్దంలో. అపసవ్యంగా తిరిగే మెట్లూ కోటల్లో ఉన్నాయి.

అపోహ: కోటంటే బూడిదరంగు రాయే.

వాస్తవం: చాలావాటికి సున్నం పూసేవారు. వేల్స్ తీరాన 1283-1287 మధ్య కట్టిన కాన్వీ కోట అప్పట్లో తెల్లగా ఉండేది. ఆ పూత ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

అపోహ: సందుల్లో సిమెంటు కూరితే గోడ గట్టిపడుతుంది.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. సముద్రపు తుంపర రాయిలోకి ఉప్పుతో సహా ఇంకుతుంది. రాళ్ల మధ్య సున్నం ఉంటే తడి దాని గుండా బయటికి పోతుంది. ఉప్పు తినేది సున్నాన్నే, దాన్ని మళ్లీ పెట్టుకోవచ్చు. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. ఇక ఆ తడి, రాయి ముఖం మీదుగానే ఆరాలి. అప్పుడు ఉప్పు పైపొర కిందే గట్టిపడి పెచ్చులు లేపుతుంది. అలాంటి గోడను దగ్గరగా చూస్తే సిమెంటు గీతలు తేనెపట్టు గదుల్లా ఉబ్బి నిలబడి ఉంటాయి, మధ్యలో ఇసుకరాయి గుంటలు పడి ఉంటుంది. బొటనవేలితో రాస్తే పొడి రాలుతుంది. వెనకటి తరంవాళ్లు మంచి ఉద్దేశంతోనే పెట్టిన ఆ సిమెంటును మేమిప్పుడు ఉలితో ఓపిగ్గా తీసి సున్నం పెడుతున్నాం. అది నెమ్మదిగా గట్టిపడుతుంది, అందాకా తడి గోనెపట్టాలు కప్పి కాపాడుకోవాలి. గడ్డకట్టే చలిలో ఆ పని పెట్టుకోం.

అపోహ: వందల ఏళ్లు నిలిచిన గోడ, నేనెక్కితే పడిపోతుందా?

వాస్తవం: గోడకు పైఅంచే బలహీనం, వాననీరు దిగేది అక్కడే. ఒక రాయి కదిలితే నీటికి కొత్త దారి దొరికినట్టే. పైన గడ్డి పరిచి ఉంటే అది మేం కావాలని వేసిన రక్ష, తొక్కకండి. కొండఅంచు ఇంకా ప్రమాదం. కింద అలలు తొలిచేసి ఉన్నా పైనుంచి పచ్చిక చదునుగానే కనిపిస్తుంది.

డన్‌స్టన్‌బరో గుమ్మం దాకా కారు వెళ్లదు. క్రాస్టర్ ఊరి నుంచి ఒడ్డు వెంట సుమారు 2 కిలోమీటర్లు నడవాలి. ఎండ ఏటవాలుగా పడే వేళకు చేరుకునేలా బయల్దేరండి. నడిమధ్యాహ్నం కంటికి ఆనని ఉలి దెబ్బలు ఆ వెలుతురులో ఒక్కొక్కటీ నీడ కట్టి కనిపిస్తాయి.