మరియమ్మ, అన్నమ్మల కొండ

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులతో వ్రాయునది.

మొన్న ఫోనులో చిన్నమ్మాయి అడిగిన ప్రశ్నకు నేను తొందరలో ఏదో చెప్పి తప్పించుకున్నాను. తపస్సుకాలంలో మన విచారణ గురువుగారు ఇంటింటికీ ఇచ్చిన కానుకల డబ్బా మీద ఒక ఆఫ్రికా పిల్లవాడి బొమ్మ ఉందనీ, అందులో నువ్వు ఇరవై రూపాయలు వేశావనీ చెబుతూ, "వాళ్ళు అసలు బీదవాళ్ళు ఎందుకయ్యారు తాతయ్యా, వాళ్ళకు పొలాలు లేవా?" అన్నావు. నలభై ఏళ్ళు సాంఘికశాస్త్రం చెప్పినవాడిని, ఆ ప్రశ్నను అలా వదిలేయడం నాకే నచ్చలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆఫ్రికా అంతటి గురించీ చెప్పడం నా వల్ల కాదు. దక్షిణాఫ్రికాలో డర్బన్ చుట్టుపక్కల ఉండే జులూల గురించీ, వాళ్ళ మధ్య పనిచేసిన కతోలిక సన్యాసుల గురించీ నాకు తెలిసింది చెబుతాను.

పొలాలు ఉండేవమ్మా. పొలాలకంటే ముందు పశువులు ఉండేవి. జులూల ఇంట్లో ఆవుల మందే ఆస్తి, అదే పెళ్ళికొడుకు ఇచ్చే కన్యాశుల్కం, అదే పరువు. మంద లేని బీదవాడిని ఆదుకోవడానికి వాళ్ళకు 'ఉకుసిసా' అనే పద్ధతి ఒకటి ఉంది. ఉన్నవాడు తన ఆవులు కొన్నింటిని లేనివాడి దొడ్లో కట్టేస్తాడు. పాలు, పేడ, సేద్యపు పని లేనివాడివి, ఆవు మాత్రం అసలు యజమానిది. మన పల్లెల్లో పెయ్యను పాలికి ఇచ్చే పద్ధతి మీ నాయనమ్మకు బాగా తెలుసు, అడగండి. అంటే తోటివాడిని ఆదుకోవడం ఆ నేల మీదికి ఓడలో దిగిన కొత్త సంగతేమీ కాదు.

మరి పేదరికం ఎలా వచ్చింది? 1879లో ఇంగ్లీషువాళ్ళు యుద్ధం చేసి జులూ రాజ్యాన్ని కూలగొట్టారు. దానికి దక్షిణాన ఉన్న నటాల్ అప్పటికే వాళ్ళ వలస. అక్కడ 1849 నుంచే గుడిసెకు ఏడాదికి ఏడు షిల్లింగుల పన్ను ఉండేది, 1875లో దాన్ని పద్నాలుగు చేశారు. ఈ పన్ను కిటుకు మీరు గమనించాలి. పన్ను నాణేల్లో కట్టాలి, జులూ రైతు ఇంట్లో జొన్నలు ఉంటాయి, పాలు ఉంటాయి, నాణేలు ఉండవు. కాబట్టి మగవాళ్ళు తెల్లవాళ్ళ తోటలకో, తరువాత జోహన్నెస్‌బర్గ్ బంగారు గనులకో కూలికి పోక తప్పదు. దాని మీద 1896, 97 సంవత్సరాల్లో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి వచ్చి దొడ్లకు దొడ్లు తుడిచిపెట్టింది. 1913లో వచ్చిన భూచట్టమైతే, దేశంలో ఎక్కువమంది నల్లవాళ్ళే అయినా, వాళ్ళ వాటాకు దాదాపు ఏడు శాతం నేలే మిగిల్చింది. నీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

ఇప్పుడు సన్యాసుల సంగతి. మొదట వచ్చినవాళ్ళు పూర్తిగా ఓడిపోయారు. 1850లలో బిషప్పు అల్లార్డ్, యువకుడైన జోసెఫ్ జెరార్డ్ అనే ఫ్రెంచి గురువు జులూల మధ్య మఠం పెట్టి ఏళ్ళ తరబడి పాటుపడినా, నిలకడగా విశ్వాసంలోకి వచ్చినవాడు ఒక్కడు లేడు; చివరికి వాళ్ళు 1862లో కొండలు దాటి లెసోతోకు వెళ్ళిపోయారు. బోధిస్తే వినేవాడు లేడన్న పాఠం తరువాత వచ్చినవాళ్ళకు బాగా పనికొచ్చిందని నా అనుమానం.

ఆ తరువాత వచ్చినవాడు ఫ్రాన్సిస్ ఫానర్. 1825లో ఆస్ట్రియాలో పుట్టిన ట్రాపిస్టు సన్యాసి. ట్రాపిస్టులంటే మౌనం పాటించేవాళ్ళు, మాంసం ముట్టనివాళ్ళు, ప్రార్థన ఎంతో చేతిపని అంత అని నమ్మేవాళ్ళు. ఆఫ్రికాకు ఎవరు వెళతారని సభలో అడిగితే అందరూ ఊరుకున్నారనీ, "ఎవరూ వెళ్ళకపోతే నేను వెళతాను" అని యాభై నాలుగేళ్ళ ఈయన లేచాడనీ చెబుతారు. 1880లో దిగిన మొదటి చోటు కరువుకు ఎండిపోయింది. 1882 డిసెంబరు చివర, క్రిస్మస్ వెళ్ళిన మరునాడు, డర్బన్ దగ్గర పైన్‌టౌన్ సమీపాన కొన్న పొలంలో మళ్ళీ మొదలుపెట్టాడు. మేరీమాత పేరూ, ఆమె తల్లి పేరూ కలిపి ఆ చోటికి మరియన్‌హిల్ అని పెట్టుకున్నారు. మన ఊరి లెక్కన మరియమ్మ, అన్నమ్మల కొండ.

ఆ కొండ మీద వడ్రంగి, కమ్మరి, చర్మకారుడు, బుక్ బైండరు, తాపీ మేస్త్రీ అందరూ సన్యాసులే. జులూ పిల్లలు పొద్దున అక్షరాలు, మధ్యాహ్నం చేతిపని నేర్చుకునేవారు. ఆడపిల్లల కోసం 1885లో కన్యస్త్రీల సభ ఒకటి ఏర్పడింది. పది పదిహేనేళ్ళలో మరియన్‌హిల్ ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రాపిస్టు మఠమైంది. చుట్టూ గుర్రం మీద ఒక రోజు ప్రయాణం దూరాన ఒక్కొక్క శాఖ వెలిసింది. నోరు తెరవకూడదన్న నియమం ఉన్నవాళ్ళు బడి ఎలా నడుపుతారన్నది మీకు వచ్చే సందేహమే, పైవాళ్ళకూ వచ్చింది. నియమం తప్పాడని 1892లో ఫానర్‌ను పదవి నుంచి పక్కన పెట్టారు. చివరికి ఆయన చనిపోయిన 1909లోనే పాపుగారు ఆ మఠాన్ని ట్రాపిస్టుల నుంచి విడదీసి, వేరే మిషనరీ సభగా చేశారు.

ఇక్కడ మనకు బాగా తెలిసిన ఒకాయన వస్తాడు. మద్రాసులో ఓడెక్కి చెరుకు తోటల కూలికి వెళ్ళిన మన తెలుగువాళ్ళూ తమిళులూ డర్బన్‌లో నానా అవస్థలు పడుతున్న ఆ రోజుల్లోనే, వాళ్ళ తరఫున వాదిస్తున్న పాతికేళ్ళ బారిస్టరు గాంధీ ఆ కొండ చూసి వచ్చి, 1895లో లండన్ శాకాహారుల పత్రికకు వ్యాసం రాశాడు. శాకాహారం చూద్దామని వెళ్ళినవాడు, అక్కడ వర్ణభేదం కనబడకపోవడం చూసి ఆశ్చర్యపోయాడు. కొన్నేళ్ళకు ఆయన స్నేహితుడు కాలెన్‌బాక్ అదే మఠానికి వెళ్ళి చెప్పులు కుట్టడం నేర్చుకుని వచ్చి, టాల్‌స్టాయ్ ఫారం అనే తమ ఆశ్రమంలో గాంధీకీ నేర్పాడు. జైల్లో కుట్టిన ఒక జత చెప్పులను గాంధీ 1914లో అక్కడి ప్రభుత్వంలో మంత్రి అయిన జనరల్ స్మట్స్‌కు పంపించాడు కదా, ఆ విద్య ఈ కొండదే.

నేను ఈ చేతిపనుల దగ్గర ఎందుకు ఆగానో చెప్పాలి. నా చిన్నతనంలో, అరవైలలో, మా పల్లెలో అమెరికా పాలపొడి పంచేవారు. సత్తుగిన్నె పట్టుకుని వరుసలో నిలబడేవాళ్ళం. పంచే పెద్దమనిషి ఒకాయన, జపం తప్పు లేకుండా అప్పజెప్పినవాడికి గరిటె నిండుగా, తడబడినవాడికి సగమే పోసేవాడు. నాకు జపం వచ్చు, అయినా నా వెనకవాడు చూస్తున్నాడన్న భయంతో ఒకసారి మధ్యలో మరిచిపోయాను. ఆ సగం గిన్నెతో ఇంటికి నడిచిన దారి నాకు ఇప్పటికీ గుర్తుంది. పాలు మంచివే, పంపినవాళ్ళూ మంచివాళ్ళే. అయితే ఆ గరిటె దగ్గర నిలబడ్డవాడికి అవి ఇంకో రుచిలో తెలుస్తాయి. మరియన్‌హిల్ పొలాల్లో కౌలుకు కుదిరిన జులూ కుటుంబాలు కూడా మఠం పెట్టిన నియమాలకు లోబడే ఉండాలి కాబట్టి, గరిటె అక్కడ బొత్తిగా లేదని నేను అనను. కాకపోతే చేతికి నాగలి, ఉలి వచ్చాయి.

ఆ దారిలో అందరికంటే లోతుగా ఆలోచించినవాడు బెర్నార్డ్ హస్ అనే జర్మన్ గురువు. మెరుగైన పొలాలు, మెరుగైన ఇళ్ళు, మెరుగైన హృదయాలు అనేది ఆయన నినాదం. హృదయాలతో పాటు పొలాన్నీ లెక్కలోకి తీసుకోవడం నాకు ఇష్టం. కూలికి పోయి తెచ్చిన డబ్బు దుకాణదారుడి అప్పుకే సరిపోతోందని గ్రహించి, రైతులే తలా కొంత వేసుకుని, తమలో తామే తక్కువ వడ్డీకి అప్పు ఇచ్చుకునే సంఘాలు పెట్టించాడు. మీ ముత్తాత ఎరువుల అప్పు తెచ్చిన సహకార పరపతి సంఘం దీనికి అక్కచెల్లెలే. జర్మనీలో రైఫైసెన్ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతిని మద్రాసు రాజధానికి తగినదని నికల్సన్ అనే అధికారి నివేదిక 1890లలో సిఫారసు చేసింది. దాన్నే హస్ జులూలకు చెప్పాడు.

అయితే ఈ హస్ గారే, ఆఫ్రికా కూలీలు ఐ.సి.యు. (ఇండస్ట్రియల్ అండ్ కమర్షియల్ వర్కర్స్ యూనియన్) అనే పెద్ద సంఘంగా ఏర్పడి కూలి పెంచమనీ భూమి సంగతి తేల్చమనీ నిలదీసినప్పుడు, దానికి విరుగుడుగా 1927లో కతోలిక ఆఫ్రికన్ సంఘం పెట్టాడు. ఉన్న ఎకరంలో ఎక్కువ పండించమని నేర్పినవాడు, మిగతా ఎకరాలు ఎటు పోయాయన్న మాట దగ్గర వెనక్కు తగ్గాడు. ఇది చెప్పకుండా ఆయనను పొగడడం నాకు చేతకాదు. అంతకంటే బాధ కలిగించేది ఎడ్వర్డ్ ఎమ్‌న్‌గాంగా కథ. మరియన్‌హిల్‌లో చదివి, రోములో 1898లో గురుపట్టం పొందిన తొలి జులూ కతోలిక గురువు ఆయన. తిరిగి వచ్చాక ఒక తెల్ల గురువుతో గొడవపడితే, పిచ్చాసుపత్రిలో వేశారు. ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నాడు. బయటికి వచ్చాక మళ్ళీ పూజ చేశాడు, పాఠాలు చెప్పాడు, 1945లో కన్నుమూశాడు. పేదకు అన్నం పెట్టే చేతికి, అదే పేదను తన పక్కన సమంగా కూర్చోబెట్టుకోవడం ఎంత కష్టమైందో చూడండి.

అయినా ఆ బళ్ళు ఇచ్చినవి ఇచ్చాయి. సెంటొకౌ అనే శాఖ ఆసుపత్రిలో క్షయతో పడుకున్న ఒక కుర్రవాడు బొమ్మలు గీస్తుంటే, కోలర్ అనే డాక్టరుగారు చూసి రంగులూ కాగితాలూ తెచ్చి ఇచ్చారు. ఆ కుర్రవాడే తరువాత జులూ మనుషుల ముఖాలను నీటిరంగుల్లో నిలిపిన చిత్రకారుడు గెరార్డ్ బెంగు. మరియన్‌హిల్‌లో చదివి అక్కడే పాఠాలు చెప్పిన విలాకాజీ, జులూ భాషలో తొలి కవితల సంపుటిని 1935లో అచ్చు వేయించాడు. 1953లో నల్లపిల్లలకు కూలిపనికి సరిపడే చదువు చాలన్న చట్టం తెచ్చి మిషను బళ్ళను ప్రభుత్వం లాక్కోబోతే, డర్బన్ ఆర్చిబిషప్పు డెనిస్ హర్లీ తదితరులు గ్రాంటు పోయినా సరేనని బళ్ళను తమ దగ్గరే ఉంచుకున్నారు. గ్రాంటు లేని బడి జీతాలకు ఎంత తంటాలు పడుతుందో నాకు తెలుసు. మరియన్‌హిల్ బడిలోనే అరవైలలో హాస్టల్లో ఉండి చదివాడు, తరువాత నల్లవాళ్ళ ఉద్యమ నాయకుడైన స్టీవ్ బీకో. మతాన్ని కూడా ప్రశ్నలతో వదలలేదు. 1977లో పోలీసుల నిర్బంధంలో చనిపోయాడు.

ఇప్పటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. తుగేలా నదికి ఉత్తరాన మాండెని అనే కాగితపు మిల్లు ఊరు ఉంది. దేశంలో ఎయిడ్స్ అన్నిటికంటే ఎక్కువగా కబళించింది ఆ ఊరున్న రాష్ట్రాన్నే. అక్కడ 1992లో ఒక కతోలిక గురువూ, కొందరు విశ్వాసులూ కలిసి 'బ్లెస్డ్ జెరార్డ్' పేరుతో సేవాసంఘం పెట్టి, 1996లో మరణానికి దగ్గరైన రోగుల కోసం ఒక ఆశ్రయం తెరిచారు. తొమ్మిది వందల ఏళ్ళ కిందట జెరూసలేములో యాత్రికుల ఆసుపత్రి నడిపిన జెరార్డ్ పేరది. రోగులను 'మా దొరలు' అని పిలిచే ఆచారం ఆయన సభవాళ్ళది. ఎయిడ్స్ మందులు ప్రభుత్వాసుపత్రుల్లో విస్తృతంగా ఇవ్వడం 2004లో గానీ మొదలు కాలేదు. అంతవరకు ఆ మంచాల పక్కన ఉన్నది ఒళ్ళు తుడిచి, పుండ్లు కడిగి, అంబలి తాగించిన చేతులే.

ఇక డబ్బా సంగతి. ఈస్టరు పండక్కి మీరు వచ్చినప్పుడు మూత తీసి మనమే లెక్కపెట్టి గురువుగారికి అప్పగిద్దాం. ఆ డబ్బు ఎక్కడికి వెళుతుందో, ఎవరి చేతికి అందుతుందో ఆయననే అడుగుదువుగాని; నువ్వు అడిగితే ఆయన కోప్పడరు, కోప్పడినా నేను పక్కనే ఉంటాను.

ఇట్లు,
మీ తాతయ్య