ప్రహరీ గోడకు ఇసుక ఆనించి పోయకండి

మా వీధిలో ఒక ఇల్లు లేస్తోంది. మొన్న టిప్పర్ వచ్చి ఇసుకంతా పక్కింటి ప్రహరీకి ఆనించి పోసేసి వెళ్లింది. రాత్రి వాన పడింది. పొద్దున ఆ ఇంటివాళ్లు పిలిస్తే లోపలికెళ్లి చూశాను, రెండు పిల్లర్లకీ సరిగ్గా నడుమ, పైనుంచి కిందికి, వెంట్రుకంత పగులు. గోరు పెడితే ప్లాస్టరింగ్ పొడిపొడిగా రాలింది.

పగులు ఇసుక ఉన్న వైపు కాకుండా ఇవతలి వైపు ఎందుకొచ్చింది? పచ్చి బెత్తాన్ని వంచి చూడండి. లోపలి వైపు నొక్కుకుపోతుంది, బయటి వైపు సాగుతుంది. గోడా అంతే, కాకపోతే దానికి సాగడం చేతకాదు. మామూలు ఇటుక కూడా చదరపు సెంటీమీటరుకు 35 కిలోల నొక్కుడు తట్టుకుంటుంది, కానీ ఇటుకకీ ఇటుకకీ మధ్య ఉన్న సిమెంటు అతుకుని లాగితే అందులో యాభయ్యో వంతుకే విడిపోవచ్చు. అందుకే పైనుంచి ఎంతో బరువు మోయగల గోడ కూడా పక్కనుంచి తోస్తే నిలవకపోవచ్చు.

పిల్లర్లు లేని ఆరడుగుల ప్రహరీనే తీసుకుందాం, తొమ్మిదంగుళాల మందం. మీటరు పొడవు గోడ దాదాపు 830 కిలోల బరువు ఉంటుంది. పడిపోకుండా దాన్ని ఆపేది ఆ బరువే, అదీ గోడ మందంలో సగం, అంటే పదకొండున్నర సెంటీమీటర్ల దూరం నుంచి. ఆ దూరాన్ని మీటర్లలోకి (0.115) మార్చి బరువుతో గుణిస్తే 95, గోడని ఆపే బలం అదే. ఇప్పుడు గాలి సంగతి. విశాఖ, విజయవాడల్లో కట్టడాలకు లెక్కలోకి తీసుకునే వేగం సెకనుకు 50 మీటర్లు, 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ చూసింది ఇంచుమించు అంత గాలినే. అది చదరపు మీటరుకు 150 కిలోలు తోస్తుంది, ఆ తోపు మొత్తాన్ని గోడ ఎత్తులో సగంతో గుణించి అలాగే లెక్క వేస్తే దాదాపు 250, అంటే ఆపే 95కి రెండున్నర రెట్లు. ఖర్చు తగ్గుతుందని నాలుగున్నర అంగుళాల గోడ కడితే బరువూ సగమే, దూరమూ సగమే, కాబట్టి ఆపే బలం పావు వంతుకు పడిపోతుంది.

నీళ్లు ఇంకా ప్రమాదం. గోడ వెనక మూడడుగుల నీళ్లు నిలిస్తే గోడని పడదోసే ఆ లెక్క 120 దాటుతుంది, ఆరడుగులైతే రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు! తడిసిన ఇసుక, మట్టి బరువు దానికి అదనం. మట్టిని ఆపే గోడలకు నీళ్లు బయటికి పోయే రంధ్రాలు పెట్టేది ఇందుకే, దయచేసి వాటిని సిమెంటుతో మూసేయకండి.

శుభలేఖని కాస్త తెరిచి టేబుల్ మీద నిలబెట్టండి, నిలబడుతుంది. మడత దగ్గర చింపి ఒక్క అట్టే పెడితే ఊదగానే పడిపోతుంది. పిల్లర్లు, మూలలు గోడకి ఆ మడతలాంటివి. నన్నడిగితే అందం కోసం పైన పెట్టే గ్రిల్ మానేసి ఆ డబ్బు పిల్లర్లలో పెట్టడం మంచిది.

మేస్త్రితో మాట్లాడి ఇసుక తీయించాం. తర్వాత గుండు దారం వేలాడదీసి చూస్తే, నడుమ గోడ ఇంటివైపు కాస్త ఉబ్బి ఉంది. పిల్లలు ఆ పక్కన ఆడకుండా తాడు కట్టాం, వచ్చే వారం ఆ భాగం విప్పేసి మళ్లీ కడుతున్నారు.