ఆరు ఫ్రేముల విమానం

తార్నాకలో మా అన్నయ్య వాళ్లింట్లో ఆదివారం భోజనాలయ్యాక పెద్దవాళ్లు కునుకు తీస్తుంటే, ఇంటర్ చదివే వాళ్లబ్బాయి ఫోను పట్టుకొచ్చాడు. "బాబాయ్, ఇది చూడు. విమానం చెరువులో మునిగినట్టు గోడలో మునిగిపోయింది. అయినా నేలకు అంత దగ్గరగా అంత వేగంతో ఎగరగలదా?"

2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ దక్షిణ టవర్‌ను హైజాకైన యునైటెడ్ 175 విమానం ఢీకొన్న దృశ్యం అది. అక్కడ అసలు విమానమే లేదు, వీడియో బూటకం అని నమ్మించడానికి ఎవరో దాన్ని నెమ్మది చేసి, ఎర్ర బాణం గుర్తులు పెట్టి, భయపెట్టే సంగీతం జోడించారు. సాక్ష్యానికి సంగీతం కావాల్సి వచ్చిందంటే నాకు అనుమానం అక్కడే మొదలవుతుంది.

వేగం మీద వాడి ప్రశ్న మాత్రం తీసిపారేయదగింది కాదు. బోయింగ్ 767కు కింది ఎత్తుల్లో అనుమతించిన గరిష్ఠ వేగం 360 నాట్లు, అంటే గంటకు దాదాపు 667 కిలోమీటర్లు. ఆ రోజు వేగం గంటకు సుమారు 870 కిలోమీటర్లని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ అంచనా. 35,000 అడుగుల ఎత్తులో అది మామూలు వేగమే. అక్కడి గాలి సాంద్రత నేల దగ్గర ఉన్నదాంట్లో మూడో వంతు మరి. కిందికొస్తే అదే వేగానికి విమానం మీద గాలి ఒత్తిడి మూడింతలవుతుంది. కానీ ఆ విమానం పైనుంచి దిగుతూ వచ్చింది, ఇంజన్లకు గురుత్వాకర్షణ తోడైంది. పైగా 360 అనేది రెక్క విరిగే గీత కాదు, ఏళ్ల తరబడి భద్రంగా ఎగరడానికి గీసిన గీత. లిఫ్టులో ఆరుగురు అని రాసి ఉంటే ఏడో మనిషి ఎక్కగానే తాడు తెగదు కదా! 1999లో కూలిన ఈజిప్ట్ ఎయిర్ 990 కూడా 767 రకమే. దాని పరిమితి మాక్ 0.86 (అంటే ధ్వని వేగంలో 0.86 వంతు), చివరి డైవ్‌లో 0.99 దాకా వెళ్లింది. అప్పటికప్పుడు ముక్కలు కాలేదు, రాడార్ ప్రకారం సముద్రంలో పడేముందు మళ్లీ పైకి కూడా లేచింది.

గోడ సంగతికి అమెరికాలోని సాండియా ప్రయోగశాల 1988లో చేసిన ప్రయోగం చూపించాను. ఫాంటమ్ యుద్ధవిమానాన్ని గంటకు సుమారు 770 కిలోమీటర్ల వేగంతో కాంక్రీటు దిమ్మెకు గుద్దించారు. ముక్కు పొడైపోతున్నా తోక జోరు తగ్గకుండా వస్తూనే ఉంటుంది. నలిగిపోతున్న రేకు తన వెనకున్న బరువును ఆపలేదు.

ఇక వీడియో. గంటకు 870 అంటే సెకనుకు 242 మీటర్లు. టీవీ కెమెరా సెకనుకు 30 ఫ్రేములు, అంటే 30 విడి చిత్రాలు తీస్తే ఒక్కో ఫ్రేముకు విమానం 8 మీటర్లు జరుగుతుంది. దాని పొడవు 48.5 మీటర్లు. అంటే ముక్కు తగిలింది మొదలు తోక మాయమయ్యేదాకా ఆరు ఫ్రేములే! నెమ్మది చేసినంత మాత్రాన ఏడోది పుట్టదు. అదే రోజు మరో విమానం ఢీకొన్న అమెరికా రక్షణశాఖ భవనం పెంటగాన్ గేటు కెమెరా అయితే సెకనుకు దాదాపు ఒక్క ఫ్రేమే తీసింది, అందులో విమానం సరిగా కనిపించకపోవడంలో వింత లేదు.

సాయంత్రం వాణ్ని శంషాబాద్ తీసుకెళ్లాను. రన్‌వే వైపు దిగుతున్న ఎయిర్‌బస్ 320ని కదలకుండా నిలబడి వీడియో తీశాడు. ముక్కు ఒక కరెంటు స్తంభాన్ని దాటిన క్షణం నుంచి తోక దాటేదాకా ఫ్రేములు లెక్కపెట్టాడు. 17. విమానం పొడవు 37.57 మీటర్లు, సెకనుకు 30 ఫ్రేముల చొప్పున లెక్క కడితే గంటకు 239 కిలోమీటర్లు. వెంటనే పొద్దుటి వీడియో తెరిచి అక్కడా ఫ్రేములు లెక్కపెట్టబోయి, ఈ బాణాలు అడ్డొస్తున్నాయని విసుక్కున్నాడు.