వికీమీడియా చార్టర్ గొడవ: మూలం విరాళాల బటన్‌లో

వికీపీడియా, దాని తోటి ప్రాజెక్టుల వెనకున్న వికీమీడియా ఉద్యమంలో ఎవరికి ఏ అధికారమో, ఏ బాధ్యతో చెప్పే పత్రమే చార్టర్. ఆ చార్టర్ వాదన రాజుకున్నప్పుడల్లా కథ 2024 జులై దగ్గరే మొదలవుతుంది. వాలంటీర్ల కమిటీ ఏళ్ల తరబడి కూర్చి రాసిన ముసాయిదాకు ఓటర్లలోనూ, స్థానిక సంఘాల్లోనూ మెజారిటీ వచ్చింది. వికీపీడియాను నిర్వహించే వికీమీడియా ఫౌండేషన్ ట్రస్టీల బోర్డు మాత్రం ఒప్పుకోలేదు. మూడు వైపుల ఆమోదమూ ఉండాలన్నది నిబంధన కాబట్టి చార్టర్ అక్కడే ఆగిపోయింది. అయితే ముడి పడింది అప్పుడు కాదు, 2011 ఆగస్టులో, ఇజ్రాయెల్‌లోని హైఫాలో జరిగిన వికీమీడియా సదస్సులో.

అంతకు ముందు సంవత్సరం జర్మనీలోని పాఠకుడు వికీపీడియాలో విరాళాల బ్యానర్ నొక్కితే బెర్లిన్‌లోని జర్మన్ వికీమీడియా సంఘం పేజీ తెరుచుకునేది. డబ్బు ఆ సంఘం ఖాతాలోనే పడేది. పన్ను మినహాయింపు రశీదూ వాళ్లే ఇచ్చేవారు. ఒప్పందం ప్రకారం అందులో కొంత వాటా అమెరికాలోని ఫౌండేషన్‌కు వెళ్లేది. ఇంకా చాలా దేశాల చాప్టర్లూ, అంటే ఫౌండేషన్ గుర్తింపు ఉన్న దేశీయ సంఘాలూ, ఇదే దారిలో ఉన్నాయి.

దాతల సొమ్ముకు లెక్క చెప్పే పద్ధతి అందరికీ ఒకేలా లేదని బోర్డు హైఫాలో లేఖ విడుదల చేసింది. ఆ ఏటి ప్రచారంలో నేరుగా విరాళాలు తీసుకునే అవకాశం జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్, స్విట్జర్లాండ్ సంఘాలకే మిగిలింది. సంపన్న దేశాల డబ్బు ఆ దేశాల్లోనే ఉండిపోకూడదన్న బోర్డు మాటలో న్యాయం లేకపోలేదు.

చాప్టర్ల బాధ వేరు. ఉద్యోగం ముగించుకొని వచ్చి రాత్రిపూట సంఘం పద్దులు రాసే కోశాధికారి అప్పటిదాకా తమ దాతలకు జవాబు చెప్పేవాడు. ఇకపై నిధుల కోసం ఏటా దరఖాస్తు నింపి, ఎక్కడో ఉన్నవాళ్లకు తన పని విలువను రుజువు చేసుకోవాలి. దాతతో ఉన్న బంధం తెగిపోతే మిగిలేది చెయ్యి చాచడమే కదా అని వాళ్లు అప్పుడే అడిగారు. సూటిగా జవాబు రాలేదు.

2012లో నిధుల పంపిణీకి వాలంటీర్లతో ఒక కమిటీ వేశారు. అది సిఫారసు చేస్తుంది, నిర్ణయం బోర్డుదే. చాప్టర్ అంటే దేశానికే అన్న పట్టు కూడా అప్పుడే కొంత సడలింది. ఏళ్లుగా గుర్తింపు అడుగుతున్న కాటలాన్ భాషా సంఘానికి 2013లో వేరే కోవలో చోటు దొరికింది. భాషకు దేశపు హద్దులు ఉండవని ఒప్పుకోవడానికి అంత కాలం పట్టింది!

గుర్తింపు ఇచ్చే చెయ్యే తీసుకోగలదు కూడా. నివేదికలు, చట్టపరమైన నమోదు విషయాల్లో లోపాలు చూపి 2019లో భారత చాప్టర్‌ను తప్పించారు.

ఉద్యమ నిర్ణయాల్లో వాలంటీర్లకు, సంఘాలకు చోటిచ్చేందుకు చార్టర్ కోరిన ప్రపంచ మండలిని ఈ క్రమంలోనే చూడాలి. దాన్ని కాదన్న బోర్డు, బదులుగా నిధుల పంపిణీలో వాలంటీర్లకు పాత్ర పెంచే కమిటీని ప్రయోగాత్మకంగా చూద్దామంది. 2012 నాటి కమిటీ ఈలోగా కనుమరుగైంది.