రెండుసార్లు తిరగబడిన పొర

మోకాలి నొప్పికి ‘స్టెమ్‌సెల్ ఎక్సోజోమ్’ ఇంజెక్షన్ ఇస్తామంటున్నారు, వేయించుకోవచ్చా అని ఒక పాఠకురాలు అడిగారు. జవాబు సీసాలో ఏముందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎక్సోజోమ్ అంటే కణం బయటికి వదిలే అతి చిన్న బుడగ; స్టెమ్‌సెల్ అంటే వేరే రకాల కణాలుగా మారగల మూలకణం. ముందు ఈ బుడగ పుట్టుక చూడండి, అద్భుతంగా ఉంటుంది.

కణం పైపొర ఒకచోట లోపలికి గుంటపడి, తెగి, సంచీ అవుతుంది. అదే ఎండోసోమ్. బయటివైపు బొత్తాలు కుట్టిన దిండు గలీబును తిరగేస్తే బొత్తాలు లోపలికి పోతాయి కదా, పైపొర మీది రిసెప్టర్లూ (బయటి సంకేతాల్ని పట్టుకునే ప్రోటీన్లు) అలాగే సంచీ లోపలికి తిరుగుతాయి. తర్వాత ఆ సంచీ గోడే మళ్లీ లోపలికి గుంటలు పడి, పిల్లబుడగలుగా తెగుతుంది. గలీబు రెండోసారి తిరగబడింది, బొత్తాలు మళ్లీ బయటికొచ్చాయి! తెగేటప్పుడు కణద్రవంలోని ప్రోటీన్లు, మైక్రో ఆర్‌ఎన్‌ఏలు (జన్యువుల పనిని అదుపుచేసే చిన్న అణువులు) బుడగలో చిక్కుకుంటాయి. సంచీ వెళ్లి పైపొరతో కలిసిపోగానే 30 నుంచి 150 నానోమీటర్ల బుడగలు బయటపడతాయి. ఒక్కసారే తిరగబడి ఉంటే రిసెప్టర్లు లోపలే ఉండిపోయేవి, ఎదుటి కణానికి అందేవి కావు. బళ్లో పిల్లల చేత నిజంగా గలీబు తిరగేయించి ఈ పాఠం చెప్పాలి.

1983లో మాంట్రియల్‌లో రోజ్ జాన్‌స్టోన్ బృందం గొర్రె ఎర్రకణాలు ఎదుగుతూ ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్లను (ఇనుమును మోసే ప్రోటీన్‌ను పట్టుకునేవి) ఇలా వదిలించుకోవడం గమనించింది. చాలాకాలం ఇది చెత్త పారబోయడమే అనుకున్నారు. 2010లో సింగపూర్‌లో సాయ్ కియాంగ్ లిమ్ బృందం మెసెంకైమల్ స్టెమ్‌సెల్స్ (ఎముక, మృదులాస్థి, కొవ్వు కణాలుగా మారగల మూలకణాలు) వదిలిన ఎక్సోజోమ్‌లు ఎలుకల్లో గుండెదెబ్బ తీవ్రతను తగ్గిస్తాయని చూపింది. అంటే మూలకణం వెళ్లి గుండె కండరంగా మారక్కర్లేదు, అది వదిలినవే కొంత పని చేస్తాయి.

ఇక సీసా సంగతి. ఎక్సోజోమ్‌లను వేరుచేయడానికి కణాలు పెరిగిన ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పుతారు. 300 జి వద్ద (జి అంటే భూమి ఆకర్షణకు ఎన్ని రెట్ల బలమో) 10 నిమిషాలు తిప్పితే కణాలు, 2,000 జి వద్ద 10 నిమిషాలకు చచ్చిన కణాలు, 10,000 జి వద్ద 30 నిమిషాలకు తుక్కు అడుక్కి చేరతాయి. ఈ మూడుసార్లూ పైతేట మాత్రమే తీసుకోవాలి. చివరికి 1,00,000 జి వద్ద 70 నిమిషాలు తిప్పితే ఎక్సోజోమ్‌లే అడుక్కి చేరతాయి. అడుగున దిగింది కంటికి ఆనకపోవచ్చు, అందుకే ట్యూబుకు ముందే గుర్తు పెట్టుకోవాలి. కణాలకు పోషణగా పోసే దూడ సీరంలోనూ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) ఎక్సోజోమ్‌లు బోలెడు. ఆ సీరాన్ని ముందే 1,00,000 జి వద్ద రాత్రంతా తిప్పి వాటిని తీసేయకపోతే చివర్లో లెక్కకొచ్చేవి దూడవే! కణికల్ని లెక్కపెట్టే యంత్రానికి బుడగ, ప్రోటీన్ ముద్ద, కొవ్వు కణిక అన్నీ చుక్కలే. కాబట్టి గుర్తుపట్టే ప్రోటీన్లు, అంటే మార్కర్లు చూడాలి: ఎక్సోజోమ్ పొర మీద ఉండే సీడీ9, సీడీ63, సీడీ81 కనిపించాలి, కణం లోపలి పొరల్లో ఉండే కాల్‌నెక్సిన్ కనిపించకూడదు. అది కనిపించిందంటే పగిలిన కణాల తుక్కు కలిసినట్టే. మైనస్ 80 డిగ్రీల్లో దాచాలి, పదేపదే కరిగించి గడ్డకట్టిస్తే బుడగలు ముద్దకట్టి పాడవుతాయి.

నెబ్రాస్కాలో ఎక్సోజోమ్ ఉత్పత్తులు వాడినవాళ్లకు తీవ్రమైన దుష్ఫలితాలు రావడంతో, 2019 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. తాను ఆమోదించిన ఎక్సోజోమ్ ఉత్పత్తి ఒక్కటీ లేదని అందులో చెప్పింది. అందుకని ఏ కణాల నుంచి తీశారు, ఏ సీరం వాడారు, మార్కర్ల రిపోర్టు ఏది అని అడగండి. ప్రయోగాత్మక పరీక్ష (ట్రయల్) అంటే సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ నమోదు పట్టిక) నంబరు అడగండి. చెప్పలేకపోతే వేయించుకోకండి.